పక్క కుర్చీలో ప్రత్యర్థి

ఒకప్పుడు బెజవాడ ఇంటర్నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ ఆడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎదుటి జట్టు పక్క కుర్చీల్లోనే ఉండేది. నోరు జారితే ఆ ముఖమే మళ్లీ చూడాలి. అందుకే కాస్త అదుపుండేది.

తర్వాత పబ్‌జీ లాంటి ఆటలతో పోటీ ఫోనులోకి వచ్చింది. పబ్‌జీని మన దేశంలో 2020లో నిషేధించారు. 2021లో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. తెలిసినవాళ్లు లేకపోతే జట్టును సర్వరే కలుపుతుంది. ఆట అయ్యాక ఎవరి దారి వారిది. మళ్లీ కలవని మనిషితో మర్యాదెందుకు? తిట్లు అక్కడే మొదలు. పిల్లలనే తప్పుపట్టడం నాకు నచ్చదు. ఆ ఏర్పాటే అలాంటిది.

గుడివాడైనా గన్నవరమైనా, తెలిసిన నలుగురితో స్క్వాడ్ కట్టండి. తిట్టేవాణ్ణి మ్యూట్ చేయండి, రిపోర్ట్ కొట్టండి. బాగా ఆడిన కొత్తవాడికి ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపండి. రేపు మళ్లీ అతనితోనే ఆడొచ్చు.