డెల్ఫీ గోడ మీది పేర్లు

గ్రీసు దేశంలో పర్నాసస్ కొండవాలున ఉంది డెల్ఫీ, అపోలో దేవుడి క్షేత్రం. యుద్ధానికి కదలాలన్నా, కొత్త చోట ఊరు కట్టుకోవాలన్నా ఆనాటి గ్రీకులు ఇక్కడికొచ్చి, పితియా అనే పూజారిణి నోట దేవుడి మాట వినేవారు. ఆ గుడిలో ఇప్పుడు మిగిలినవి పునాదులు, మళ్లీ నిలబెట్టిన ఆరు స్తంభాలు.

చాలామంది వాటిని ఫొటో తీసుకుని పైనున్న రంగస్థలానికి వెళ్లిపోతారు. నన్నడిగితే, గుడి అరుగును మోస్తున్న గోడ దగ్గర తప్పక ఆగాలి. అది క్రీస్తు పూర్వం 6వ శతాబ్దం నాటిది. వంపు తిరిగిన అంచులున్న రాళ్లను సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి ఇమిడ్చారు. దగ్గరికెళ్లి చూడండి, రాళ్లనిండా సన్నని అక్షరాలు. అవి బానిసల విడుదల పత్రాలు, వందల కొద్దీ!

తనను తాను కొనుక్కునే హక్కు బానిసకు లేదు. అందుకే సొమ్ము బానిసదే అయినా, యజమాని అతణ్ణి అపోలోకు అమ్మినట్టు రాసేవారు. పేరు, ధర, సాక్షులు అన్నీ చెక్కేవారు, రేపు ఎవరూ కాదనకుండా. కొన్నిట్లో కఠినమైన షరతు కూడా ఉంది: యజమాని బతికున్నంత కాలం అక్కడే ఉండి సేవ చేయాలి. విడుదలైనా ఆ మనిషికి పూర్తి స్వేచ్ఛ దక్కలేదన్నమాట.

ఈ శిథిలాల మీద ఒకప్పుడు కాస్త్రి అనే పల్లె ఉండేది. దాన్ని పక్కకు తరలించి, 1892లో ఫ్రెంచివారు పెద్దయెత్తున తవ్వకాలు మొదలుపెట్టారు. 1896లో దొరికిన కంచు రథసారథి అక్కడి మ్యూజియంలోనే ఉన్నాడు. అతని రాగి కనురెప్పల వెంట్రుకలు నేటికీ చెక్కుచెదరలేదు.