మన వాన, మన వాగు



మన లింగంపేటలో నాగన్న బావి చూశారా? మెట్లు దిగుతూ పోతే నీళ్లు. పూడిపోయిన ఆ పాతబావిని మళ్లీ బాగుచేసుకున్నారు. నీళ్ల విలువ తెలిసిన ఊరు మనది.

మన వాన ఎటు పోతుంది? చెరువు నిండితే అలుగు పారుతుంది. వాగులో కలుస్తుంది. చివరికి మంజీర నదికి చేరుతుంది. అందుకే మంజీర బాగుండాలంటే ముందు మన చెరువు బాగుండాలి.

2015లో చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైంది ఇక్కడికి దగ్గరలోనే, సదాశివనగర్ చెరువులో. పూడిక తీయించింది సర్కారు. ఆ ఒండ్రు మట్టిని సొంత ఖర్చుతో పొలాలకు తోలుకున్నది రైతులు. చెరువు లోతు పెరిగింది, చేనుకు బలం వచ్చింది. చెరువు కోసం పైసలు ఇచ్చినా, చెమట ఓడ్చినా అది చందానే.

మరి ఇప్పుడు మనం? వానలకు ముందే వాడకట్టు మనుషులు కలవండి. చెరువుకు నీళ్లు తెచ్చే కాలువలో ముళ్లకంప, చెత్త తీసేయండి. ట్రాక్టరు కిరాయికి ఇంటింటా కొంత వేసుకోండి. లెక్క పదిమందిలో చదవండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇంటికొక మనిషి, ఏడాదికొక రోజు. కాలువ బాగుంటే చెరువు, చెరువు బాగుంటే మంజీర.