సంరక్షకుడు యజమాని కాడు



కోలారు జిల్లాలో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. ఆ ఇంటి ఆడపడుచుకు ముప్పై రెండేళ్లు. పుట్టినప్పటి నుంచి సెరిబ్రల్ పాల్సీ. చేతులు, కాళ్లు స్వాధీనంలో ఉండవు, మాట తడబడుతుంది. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. తండ్రి పోయాక ఆమె వాటాకు రెండెకరాలు వచ్చాయి. ఒకనాడు అన్నగారు కన్నడంలో రాసిన కాగితం తెచ్చి, "వేలిముద్ర వెయ్యమ్మా, ఇకమీదట నీ మంచిచెడ్డలు నేను చూసుకుంటాను" అంటాడు. అది ఆయనను సంరక్షకుడిగా నియమించమని కోరే దరఖాస్తు.

అన్న మంచివాడే కావచ్చు. అయినా ఆమె ఆ కాగితాన్ని తెలుగులో చదివించుకుని, అర్థమయ్యాకే వేలిముద్ర వేయాలి.

పద్దెనిమిదేళ్లు నిండినవారికి, వైకల్యం ఉన్నా సరే, తల్లిదండ్రులు గానీ అన్నదమ్ములు గానీ వాటంతట అవే చట్టపరమైన సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో జాతీయ ట్రస్టు చట్టం వచ్చింది. దాని ప్రకారం జిల్లాలో ఒక స్థానిక కమిటీ ఉంటుంది. అందులో జిల్లా కలెక్టరు స్థాయి అధికారి, నమోదైన సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి సభ్యులు. అసలు సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఏ పనుల కోసం అన్నది కమిటీ ముందుగా పరిశీలించాలి. "నా సంగతి నేను చెప్పుకోగలను, నాకు సాయం చాలు" అని ఆమె చెప్పవలసింది అక్కడే.

నియమితుడైన సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. నిర్లక్ష్యం చేసినా, హింసించినా, ఆస్తి కాజేసినా, తల్లిదండ్రులు, బంధువులు లేదా నమోదైన సంస్థ అతన్ని తొలగించమని కమిటీని కోరవచ్చు. తొలగిపోయినవాడు ఆస్తిని కొత్త సంరక్షకుడికి అప్పగించి, ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మరో అడుగు ముందుకు వేసింది. ఆస్తి ఉంచుకోవడానికి, డబ్బు వ్యవహారాలు నడుపుకోవడానికి అందరితో సమానమైన హక్కు ఉందన్నది. తగిన సాయం అందించినా నిర్ణయం తీసుకోలేకపోతేనే పరిమిత సంరక్షకుడు. అదీ ఫలానా పనికి, ఫలానా కాలానికి. అప్పుడు కూడా ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. అధికారి చేసిన నియామకం నచ్చకపోతే ఆమె స్వయంగా అప్పీలు చేసుకోవచ్చు.

వకీలుకు డబ్బు లేదని వెనుదీయకండి. వైకల్యం ఉన్నవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ సంస్థ సాయానికి ఫోను నంబరు 15100.

ఆ చెల్లెలు నెమ్మదిగా, తడబడుతూ మాట్లాడుతుంది. ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా అన్నగారు ఆగి వినాలి, కమిటీ కూడా వినాలి.