ఎక్సలేటర్ తొక్కితే ఆగిపోయే పాలబండి
(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



లెక్కలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుకు ఇంజను సంగతులెందుకని మీలో కొందరు అనుకోవచ్చు. పుల్ల పాల పద్దు తిరగేసినప్పుడు చాలాచోట్ల నాకు కనబడేది ఆ ఇంజనే. వేసవిలో తెల్లవారుజామున పితికిన పాలు నాలుగైదు గంటలు క్యాన్లలోనే నిలిచిపోతే, శీతలీకరణ కేంద్రంలో మరిగించి చూసే పరీక్షకు ఆగవు. రూటు బండిలో 20 క్యాన్లుంటే, క్యానుకు 40 లీటర్ల చొప్పున 800 లీటర్లు. బండి కాంట్రాక్టరుది. పాలు మాత్రం మీవి.

తరచు వినే ఫిర్యాదు ఇది. బండి నిలబడి ఉన్నంతసేపు ఇంజను చక్కగా ఆడుతుంది. లోడుతో మెట్ట ఎక్కుతూ ఎక్సలేటర్ గట్టిగా తొక్కగానే ఎగదన్ని ఆగిపోతుంది. పది నిముషాలు ఆగి తిప్పితే మళ్లీ స్టార్టవుతుంది. వెంటనే మెకానిక్ పంపు పోయిందనో, నాజిల్స్ పోయాయనో అంటాడు. ఒక్కొక్కప్పుడు నిజమే కావచ్చు. కాని ఖర్చులేని పరీక్షలు ముగియకుండా పంపు విప్పడానికి ఒప్పుకోవద్దని నా మనవి.

ఎందుకంటే, స్లోలో ఆడే ఇంజనుకు కొద్దిపాటి డీజిలు చాలు. బరువు లాగేటప్పుడు దానికి ఎన్నో రెట్లు కావాలి. పూడిక పట్టిన పంటకాలువ మీకు తెలిసిందే. సన్నధార పారేటప్పుడు అడ్డు తెలియదు. అందరికీ ఒకేసారి నీరు కావలసి వచ్చినప్పుడే చివరి మడి ఎండుతుంది. ఇక్కడ చివరి మడి ఇంజను. కనుక ట్యాంకు దగ్గర మొదలుపెట్టి కాలువ వెంబడి నడవాలి.

మొదట ట్యాంకు మూత. డీజిలు ఖర్చయినంత మేర లోపలికి గాలి రావాలి. మూత వదులైందని ప్లాస్టిక్ కాగితం చుట్టి బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. బండి ఆగిన వెంటనే మూత తిప్పి వినండి. బుస్సుమని గాలి లోనికి పోయి, ఆ తరువాత బండి బాగా నడిస్తే జబ్బు అక్కడే ఉన్నది.

తరువాత డీజిలు. ఫిల్టరు అడుగున ఉండే మరను వదులుచేసి ఒక గాజుసీసాలోకి కాస్త దించి, కదపకుండా ఉంచండి. నీరుంటే అడుగుకు చేరుతుంది. పాల శాంపిల్ సీసా మాత్రం ఇందుకు వాడవద్దు! ఒక సంఘంలో బల్క్ కూలర్ జనరేటరు కోసం డ్రమ్ముతో డీజిలు తెచ్చి ఆరుబయట నిలబెట్టి ఉంచేవారు. వానకు డ్రమ్ము పైమూతపై నీరు నిలుస్తుంది. రాత్రి చల్లబడినప్పుడు డ్రమ్ము లోపలికి గాలి పీలుస్తుంది, మూత వదులుగా ఉంటే ఆ నీటినీ పీలుస్తుంది. అవసరానికి ఆ డీజిలునే రూటు బండిలోనూ పోశారు. పంపు విప్పి పట్నం పంపించి, బిల్లు కట్టి బిగించిన తరువాత బండి మళ్లీ అదే మెట్ట మీద ఆగింది. అప్పుడు గాని ఎవరూ ఫిల్టరు అడుగు మర విప్పలేదు. డ్రమ్మును నీడన, పక్కకు పడుకోబెట్టి, రెండు మూతలూ డీజిలు మట్టానికి దిగువన ఉండేలా ఉంచితే ఈ బాధ ఉండదు.

ఇక పైపులు. ఇక్కడే చాలామంది పొరబడతారు. డీజిలు కారడం లేదు గనుక పైపు బాగున్నదని అనుకుంటారు. ట్యాంకు నుండి పంపు వరకు ఉన్న పైపు చాలా బండ్లలో పీల్చే పైపు. అది చిట్లితే డీజిలు బయటికి రాకపోవచ్చు, గాలి లోపలికి పోతుంది. అనుమానమున్నచోట తెల్లని పారదర్శకపు గొట్టం ముక్క పెట్టించి చూస్తే బుడగలు కనబడతాయి. ఫిల్టరు మార్చిన తరువాత కూడా హ్యాండ్ పంపు గట్టిపడేవరకు నొక్కి గాలి తీయాలి.

పొగను కూడా గమనించమని డ్రైవరుకు చెప్పండి. తొక్కినప్పుడు నల్లపొగ విపరీతంగా వస్తే ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయిందేమో ముందు చూడాలి. పొగ లేకుండా నీరసపడి ఆగితే డీజిలు అందడం లేదని అనుకోవచ్చు.

కొత్త కామన్‌రైల్ బండ్లకు ఒక హెచ్చరిక. ఇంజను ఆడుతుండగా నాజిల్ పైపు వదులుచేసి చూసే పాత పద్ధతి వీటికి పనికిరాదు. లోపలి ఒత్తిడి గాలి ఒత్తిడికి వెయ్యిరెట్లు మించుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటంత గాయమే కనబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. వీటిలో ఎక్సలేటర్ పెడల్‌కే సెన్సార్ ఉంటుంది. ఇంజను దీపం వెలిగితే బ్యాటరీ వైరు తీయకముందే స్కానరుతో కోడ్ చదివించండి. వైరు తీస్తే కోడ్ చెరిగిపోవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 ప్రమాణాలు దేశమంతటా అమలులోకి వచ్చాక, డీజిలు బండ్ల సైలెన్సరు గొట్టంలో మసి పట్టే ఫిల్టరు వచ్చింది. ఊరూరా ఆగుతూ మెల్లగా తిరిగే పాలబండికి అది త్వరగా నిండుతుంది, లాగుడు తగ్గుతుంది. దాని దీపం వెలిగితే నిర్లక్ష్యం చేయక, కంపెనీ పుస్తకంలో చెప్పినట్లు కొంతసేపు ఆగకుండా నడపాలి.

అధ్యక్షులవారి పెట్రోలు కారుకూ ఇదే జబ్బు వస్తే పంపు ఒత్తిడి, థ్రాటిల్‌లో పట్టిన మసి, గాలిని కొలిచే సెన్సార్, దాని వెనుక చిరిగిన రబ్బరు గొట్టం చూపించండి. అంతకుమించి దాని జోలికి నేను పోను.

ఇక నా శాఖ పని. రూటు ఒప్పందం యూనియన్‌ది అయినా, బండి మీ సంఘానికి వచ్చిన వేళ, పోయిన వేళ ట్రక్ షీటులో డ్రైవరు సంతకంతో ఉండాలి. బండి ఎక్కడ ఆగింది, ఎంత లోడు మీద, ఎంతసేపు, ఏమి బాగుచేశారన్నది ఒక నోటు పుస్తకంలో రాయించండి. పాలు విరిగిన తప్పు సంఘానిదా బండిదా అన్న తగాదా వచ్చినప్పుడు ఈ రెండు కాగితాలు లేక రేటు కోత పడిన సంఘాలను చూశాను. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు క్యాష్ బుక్ కంటే ముందు ఆ పుస్తకం అడుగుతాను.