ఆరో వేలు: రుద్రూర్ నుంచి చూస్తే నీలం సంజీవరెడ్డి

నిజామాబాద్ జిల్లా రుద్రూర్ చుట్టుపక్కల ఊళ్ల పేర్ల చివర ‘క్యాంపు’ అన్న మాట తరచుగా తగులుతుంది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు ఈ నేలకు చేరాక, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు వచ్చి భూములు కొని గుడిసెలు వేసుకున్న చోట్లే ఆ క్యాంపులు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఊరివాళ్ల చెరకు, క్యాంపువాళ్ల చెరకు ఒకే ఫ్యాక్టరీకి వెళ్లాయి. కానీ 1956 తర్వాతి కాలం గురించి ఈ రెండు రకాల ఇళ్లలో దాచుకున్న జ్ఞాపకాలు ఒకటి కావు. ఆ ఏడాది ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి, తర్వాత దేశానికి ఆరో రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డిని తలుచుకోవడానికి రుద్రూర్ సులువైన చోటేమీ కాదు. ఆయన గురించి నిజం మాట్లాడాలనుకునే వారికి మాత్రం ఇదే తగిన చోటు.

1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన మనిషి. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చి వెళ్లాక ఖద్దరు కట్టి, కొద్దికాలానికే కాలేజీ చదువు వదిలేశారు. జైళ్లకు వెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో సొంత బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. సీమ నేల రాజకీయంలో బంధుత్వం బంధుత్వమే, పోటీ పోటీయే.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వేళ ఆయన చేసిన పని ఈ కథకంతటికీ మూలం. కాంగ్రెస్‌కు సొంతంగా మెజారిటీ లేదు. టంగుటూరి ప్రకాశం పంతులు కలిసివస్తేనే ప్రభుత్వం నిలబడుతుంది. కాంగ్రెస్ నాయకుడిగా ఉన్న సంజీవరెడ్డి పక్కకు జరిగి పెద్దాయనకు కుర్చీ ఇచ్చి, తాను ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 1955లో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయినప్పుడు మళ్లీ ఉప ముఖ్యమంత్రి. రెండుసార్లు తగ్గి ఉండటం రాజకీయాల్లో చిన్న విషయం కాదు.

ఆ పదవి విలువేమిటో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. అక్కడే అసలు చిక్కు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు, ఆంధ్ర తరఫున గోపాలరెడ్డి, సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు సంతకాలు చేశారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు కావాలి. ఇంకో షరతు రుద్రూర్‌కు నేరుగా తగిలేది: తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకం ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలి. నిజాంసాగర్ ఆయకట్టులో ఎకరం చేతులు మారే ప్రతి సందర్భానికీ ఆ వాక్యంతో పని ఉంది. ఇక్కడి రైతు అమ్ముకునే అవసరంలో ఉన్నాడు, అక్కడి రైతు కొనగలిగే స్థితిలో ఉన్నాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఆ బేరానికి ఒక కట్టుబాటు ఉండాలని మాత్రం కాగితం మీద రాసుకున్నారు.

నవంబర్ 1న కొత్త రాష్ట్రం వచ్చింది. సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన తొలి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి లేరు. ఆ పదవి చేతికి ఆరో వేలు లాంటిదని ఆయన అన్నారని తెలంగాణలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పదవిలో రెండుసార్లు కూర్చున్న మనిషి అనుభవంతోనే ఆ మాట అని ఉండవచ్చు. అధికారం లేని పదవి అలంకారమేనని నిజంగానే నమ్మి ఉండవచ్చు. కానీ 1956లో ఆ పదవి ఒక వ్యక్తికి అలంకారం కాదు, ఒక ప్రాంతానికి ఇచ్చిన మాట. పనికిరాదనుకుంటే సంతకం పెట్టకముందే చెప్పాల్సింది.

ఈ లోపం ఆయనలో కనిపించడం మరీ బాధ కలిగిస్తుంది. ఎందుకంటే ఆయన రాయలసీమ వాడు. కోస్తా వారితో కలవడానికి సందేహించిన సీమకు 1937 నవంబర్ 16న మద్రాసులో జరిగిన శ్రీబాగ్ ఒడంబడికే ధైర్యం ఇచ్చింది. కర్నూలు 1953లో రాజధాని అయిందంటే ఆ కాగితం చలవే. బలహీనమైన పక్షానికి అలాంటి కాగితం ఎంత అండో సీమ మనిషికి ఒకరు విడమరచి చెప్పనక్కరలేదు.

చెరకు పండించే వాళ్లకు ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. నరికిన చెరకు ఒక రోజులో గానుగకు పడాలి. ఆకు దూసి, మోపులు కట్టి, బండి మీద వేసి ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో నిలబెట్టాక ఎండ పని మొదలుపెడుతుంది. పొద్దు గడిచేకొద్దీ గడ తేలికవుతుంది, రసంలో చక్కెర విరుగుతుంది. పైకి చూస్తే అదే మోపు, అదే బండి. కాటా మీద పెట్టినప్పుడే తరుగు తెలుస్తుంది. ఒప్పందంలోని ప్రాంతీయ మండలి, 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో ప్రాంతీయ సంఘంగా వచ్చింది. తర్వాతి కాలంలో ఉప ముఖ్యమంత్రులూ వచ్చారు. అప్పటికే తరుగు పోయింది. 1969లో కాటా వేసింది, ప్రత్యేక తెలంగాణ కోసం వీధుల్లోకి వచ్చిన విద్యార్థులు.

ఆయన ఖాతాలో జమ కట్టాల్సినవి తక్కువేమీ కాదు. 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ చేతుల మీదుగా పంచాయతీరాజ్‌కు శ్రీకారం చుట్టించారు. రెండోసారి ముఖ్యమంత్రిగా ఉండగా 1963 జూలైలో కృష్ణ మీద శ్రీశైలానికి పునాదిరాయి పడింది; ఇప్పుడు ఆ జలాశయం పేరు నీలం సంజీవరెడ్డి సాగర్.

1964లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికే ముఖ్యమంత్రి ఆ రూట్లు ఎంచుకున్నారని బస్సుల యజమానుల ఆరోపణ. దాన్ని ఖండిస్తూ ఆయన స్వయంగా అఫిడవిట్ వేయలేదన్న విషయాన్ని కోర్టు ఎత్తిచూపింది. తీర్పు వచ్చాక ఆయన కుర్చీ పట్టుకుని వేలాడలేదు, రాజీనామా చేశారు. ఆ రాజీనామాకు చప్పట్లు కొట్టేవారు రాజీనామాకు దారితీసిన పనిని కూడా గుర్తుంచుకోవాలి. రెండూ ఒకే మనిషివి.

1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే, సభకంతటికీ చెందిన వాడిననే భావంతో కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్నారు. 1969లో రాష్ట్రపతి అభ్యర్థిగా కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు ఆయనను నిలబెట్టింది. ఇందిరాగాంధీ కోరుకున్నది జగ్జీవన్ రామ్‌ను. ఆమె ఆత్మప్రబోధం మేరకు ఓటు వేయమన్నారు. ఆగస్టు 20న ఫలితం వచ్చేసరికి వి.వి. గిరి నెగ్గారు. దేశపు అత్యున్నత పదవికి ఇద్దరు తెలుగువారు తలపడిన ఆ ఎన్నికలో తేడా 15 వేల ఓట్ల విలువకు కూడా చేరలేదు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోతే, మిగిలిన ఒక్క నంద్యాల నుంచి జనతా అభ్యర్థిగా ఆయన గెలిచారు. జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. దేశంలోని పేదలను తలచుకుని జీతంలో 70 శాతం వదులుకుంటున్నట్టు ప్రకటించారు. ఆ పని ఆయన స్వభావానికి సరిపోయేదే. తనది వదులుకోవడం ఆయనకు ఎప్పుడూ కష్టం కాలేదు.

ఎదుటివారికి రావాల్సిన వంతు దగ్గరే ఆయన చేయి బిగుసుకునేది. 1979 జూలైలో మొరార్జీ దేశాయ్ దిగిపోయారు. సంజీవరెడ్డి చరణ్‌సింగ్‌ను పిలిచి, ఆగస్టులో సభ విశ్వాసం పొందమన్నారు. కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించడంతో చరణ్‌సింగ్ ఆగస్టు 20న సభ ముఖం చూడకుండానే రాజీనామా చేసి, లోక్‌సభ రద్దుకు సలహా ఇచ్చారు. అప్పటికి జనతా నాయకుడు జగ్జీవన్ రామ్. ప్రభుత్వం ఏర్పాటు చేయగలనని ఆయన రాష్ట్రపతి దగ్గరకు వెళ్లారు. ఆగస్టు 22న సభ రద్దయింది. ఫిరాయింపుల బేరాలకు అవకాశం ఇవ్వకూడదని సంజీవరెడ్డి అనుకుని ఉంటే ఆ ఆలోచనలో న్యాయం లేకపోలేదు. అయినా బలం తేలాల్సింది సభలో, రాష్ట్రపతి భవన్‌లో కాదు. ఒక దళిత నాయకుడు ప్రధాని అయ్యే అవకాశం, కనీసం సభలో నిలబడి అడిగే అవకాశం, అక్కడితో ఆగిపోయింది. అప్పటికి సరిగ్గా పదేళ్ల కిందట రాష్ట్రపతి ఎన్నికలో తన పేరుకు ఎదురుగా వినిపించిన పేరు కూడా అదే కాబట్టి, ఆ నిర్ణయాన్ని ఆయన మరింత జాగ్రత్తగా, మరింత బహిరంగంగా తీసుకోవాల్సింది.

ఆయన 1996 జూన్ 1న బెంగళూరులో కన్నుమూశారు. నిజామాబాద్ జిల్లాకు ఆయనతో ఉన్న మరో సంబంధం పోచంపాడు. శ్రీశైలం శంకుస్థాపన జరిగిన రెండు రోజులకు, 1963 జూలై 26న, గోదావరి మీద ఆ ప్రాజెక్టుకు నెహ్రూ పునాదిరాయి వేశారు. అప్పుడు ముఖ్యమంత్రి సంజీవరెడ్డే. తెలంగాణ నీళ్ల కోసం మొదలైన పెద్ద పని అది. ఆరేళ్ల తర్వాత, 1956 కాగితం చేతపట్టుకుని పిల్లలు రోడ్ల మీదికి వచ్చి, తూటాలకు నేలకొరుగుతున్న నెలల్లో కూడా పోచంపాడు దగ్గర ఆనకట్ట పని సాగుతూనే ఉంది.