పాలపళ్లు నారుమడి వంటివి



ఈ పూట నేను ఎరువుల గురించి గాని, విత్తనాల గురించి గాని చెప్పబోవడం లేదు. మన పిల్లల పళ్ల గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. "వ్యవసాయం వాడికి పళ్లతో ఏం పని?" అని మీరు అనుకోవచ్చు. పని ఉన్నది. గ్రామాలలో తిరిగే మేము పొలం గట్ల మీదనే గాక ఇళ్ల అరుగుల మీద కూడా కూర్చుంటాము. బుగ్గ పట్టుకొని ఏడ్చే పిల్లలు అక్కడ కనబడుతూనే ఉంటారు. "ఏమమ్మా, డాక్టరుకు చూపించారా?" అని అడిగితే, "పాలపళ్లే గదండీ, ఎలాగూ ఊడిపోయేవే!" అని జవాబు వస్తుంది. ఈ ఒక్క మాట గురించే ఇవాళ మనం ఆలోచించవలసినది.

వరి వేసే రైతుకు నారుమడి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. నారు మడిలో ఉండేది కొన్నాళ్లే. ఆ తరువాత పీకవలసినదే. అయినా "ఎలాగూ పీకేదే గదా" అని నారుమడికి నీరు మానివేసే రైతు ఎక్కడైనా ఉన్నాడా? పాలపళ్ల సంగతీ అటువంటిదే. అవి ఉండేది కొన్నేళ్లే అయినా, రాబోయే పళ్ల మంచిచెడ్డలు చాలావరకు వాటి మీద ఆధారపడి ఉన్నవి.

బిడ్డకు ఆరో నెల ప్రాంతంలో మొదటి పన్ను వస్తుంది. మూడేళ్లు నిండేసరికి మొత్తం 20 పాలపళ్లు వస్తాయి. ఆరో ఏట నుండి ముందుపళ్లు ఊడడం మొదలౌతుంది. కాని దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా నోట్లో ఉండవలసినవే. అవి అడుగున పెరుగుతున్న శాశ్వత దంతానికి చోటు కాపాడుతూ ఉంటాయి. నాలుగో ఏటనో, అయిదో ఏటనో పుచ్చిపోయి తీయించవలసివస్తే, పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తరువాత వచ్చే పన్నుకు దారి ఉండదు. అది వంకరగా వస్తుంది. పుచ్చు లోతుకు పోయి చీము పడితే, అడుగున తయారవుతున్న పన్నుకు కూడా దెబ్బ తగలవచ్చు. నొప్పితో పిల్లవాడు సరిగా నమలడు, నిద్రపోడు, బడిలో పాఠం వినడు. తినే బిడ్డ తినకపోతే ఇంట్లో ఎంత ధాన్యం ఉండి ఏమి లాభం?

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఆరో ఏట, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ల వరుస చివర ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. పైన రెండు, కింద రెండు. ఇవి పాలపళ్లు కావు, శాశ్వత దంతాలు. ఒక ఊళ్లో ఏడేళ్ల పిల్లవాడు ఒక పక్కనే నములుతుండగా చూశాను. నోరు తెరిపిస్తే చివరి పన్ను నల్లగా గుంట పడి ఉన్నది. "అదీ ఊడిపోతుంది లెండి" అన్నాడు తండ్రి. ఊడి మళ్లీ వచ్చే పన్ను కాదు అది. అరవై ఏళ్లు పనిచేయవలసిన పన్ను, వచ్చిన ఏడాదికే పుచ్చింది.

ఇక పన్ను ఎందుకు పుచ్చుతుంది? పుచ్చు వంకాయను కోస్తే పురుగు కనబడుతుంది. అందుచేత పంటిలోనూ పురుగు ఉన్నదని మనవారి నమ్మకం. పొగ పట్టించి పురుగులు రాల్చి చూపిస్తామనే వారూ ఉన్నారు. వారి మాట నమ్మవద్దు. పంటిలో పురుగు లేదు. పళ్ల మీద పేరుకునే పాచిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న తీపిని అవి పులియబెట్టి ఆమ్లంగా మారుస్తాయి. పాలు తోడుకొని పులిసినట్లే అనుకోండి. ఆ పులుపు పంటి పైనున్న పింగాణీ పొరను కరగదీస్తుంది. తీపి తిన్న ప్రతిసారీ సుమారు అరగంట సేపు ఈ కరగడం సాగుతుంది. తరువాత లాలాజలం ఆ పులుపును విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేరుస్తుంది.

ఇందులోనే అసలు కిటుకు ఉన్నది. ఎంత తీపి తిన్నారన్నదాని కంటే, ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. భోజనంతో పాటు ఒక బెల్లం ముక్క తిన్న పిల్లవానికి ఒక్క అరగంట నష్టం. అదే ముక్కను పొద్దుటి నుండి సాయంత్రం దాకా పదిసార్లు కొరికితే, పంటికి తేరుకునే వ్యవధే ఉండదు. పంచదారైనా, బెల్లమైనా, తేనె అయినా పంటికి ఒకటే. బిస్కెట్లు, చాక్లెట్లు, జీళ్లు పళ్ల సందుల్లో అతుక్కుంటాయి. కూల్‌డ్రింకులో తీపీ ఉన్నది, పులుపూ ఉన్నది. చిరుతిండి అడిగితే వేయించిన వేరుశనగలు, ఉడికించిన శనగలు, జామకాయ ముక్క ఇవ్వండి. రాత్రిపూట లాలాజలం తక్కువగా ఊరుతుంది. కాబట్టి పంచదార పాలసీసా నోట్లో పెట్టి బిడ్డను నిద్రపుచ్చడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

శుభ్రం చేసే పద్ధతి సులువే. పళ్లు రాకముందు తడి గుడ్డతో చిగుళ్లు తుడవండి. మొదటి పన్ను వచ్చిన నాటి నుండి మెత్తని చిన్న బ్రష్‌తో ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి తోమాలి. రెంటిలో రాత్రి తోమడమే ముఖ్యం. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మూడేళ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మివేయడం నేర్పండి. ఏడెనిమిదేళ్ల దాకా తల్లో, తండ్రో దగ్గరుండి తోమించాలి. వేపపుల్లతో పెద్దలు తోముకుంటే తప్పు లేదు గాని, పిల్లల దవడ పళ్ల వెనకకు అది అందదు. ఇటుక పొడి, బొగ్గు పొడి పింగాణీ పొరను అరగదీస్తాయి. పొగాకు కలిసిన పళ్లపొడిని పిల్లల దరిదాపులకు రానివ్వకూడదు.

ఇక్కడ మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పాలి. పైరుకు బోరాన్ కొద్దిగా ఉంటే మేలు, మోతాదు మించితే ఆకు మాడుతుంది. పంటికి ఫ్లోరైడూ అంతే. మన దేశంలో నీటి ఫ్లోరైడ్ జబ్బును మొదట గుర్తించినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ ప్రాంతపు బాధ అందరికీ తెలిసినదే. 1970ల్లో నాగపూరు శాస్త్రజ్ఞులు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తొలగించే పద్ధతిని రూపొందించగా, దానికి నల్లగొండ పేరే వచ్చింది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకే ఉండవలెను. వేరే నీరు దొరకని చోట 1.5 దాకా అనుమతి. అంతకు మించిన నీరు తాగుతూ పెరిగిన పిల్లల పళ్లకు పసుపు, గోధుమరంగు గారలు వస్తాయి. అది మురికి కాదు, పంటిలోనే ఉన్న మచ్చ. ఎంత రుద్దినా పోదు. నీరు కాచినా ఫ్లోరైడ్ పోదు. కాబట్టి మీ బోరు నీటిని పరీక్ష చేయించండి. ఎక్కువగా ఉంటే పిల్లలకు శుద్ధి చేసిన నీరు గాని, నదుల నుండి కుళాయిలకు వచ్చే నీరు గాని తాగించండి. పేస్టు విషయం దంతవైద్యుణ్ణి అడగండి.

తెగులు వచ్చిందా లేదా అని మీరు ఆకు తిప్పి చూస్తారు గదా! అలాగే నెలకొకసారి పిల్లవాని పై పెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున సుద్దగీత వంటి తెల్లని చార కనబడితే అది పుచ్చుకు మొదటి గుర్తు. ఆ దశలో తీపి తగ్గించి, బాగా తోమిస్తే, డాక్టరు ఫ్లోరైడ్ పూత వేస్తే, పన్ను తిరిగి గట్టిపడవచ్చు. గుంట పడితే మాత్రం తానుగా పూడదు. చిన్నదిగా ఉన్నప్పుడే నింపించాలి. కొత్తగా వచ్చిన దవడ పంటి గాళ్లకు ముందుగానే రక్షణ పూత వేయించవచ్చు. లవంగ నూనె నొప్పిని కాసేపు మరపిస్తుందే గాని పుచ్చును ఆపదు. జిల్లేడు పాలు పెడితే నోరు పుండౌతుంది. బుగ్గ వాచి జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మహిళా సంఘాల సమావేశాలలో ఈ ముచ్చట అయిదు నిమిషాలు చెప్పండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పిల్లలను పరీక్ష చేసే ఏర్పాటు ఉన్నది. ఆ పరీక్షలో పళ్లు కూడా చేరినవి. వైద్యబృందం వచ్చే రోజు ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకొని తల్లిదండ్రులకు చెప్పండి. ఆ పూట పిల్లలు పొలానికి గాక బడికి వెళ్లేటట్లు చూడండి.

రైతు సోదరులారా! తీపికి వేళ పెట్టండి, రాత్రి పళ్లు తోమించండి, నెలకొకసారి పెదవి ఎత్తి చూడండి. ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. ఎలాగూ ఊడిపోయేవే అని మాత్రం ఇక అనకండి.