సంచిలో పట్టే లెన్స్
(సిబ్బంది ఫోటోగ్రఫీ బృందం సమావేశంలో చేసిన ప్రసంగం)



మిర్రర్‌లెస్ కెమెరాకు మాన్యువల్ లెన్స్ ఏది కొనాలని చాలామంది అడుగుతున్నారు. నేను మొదట కొన్నది సోవియట్ కాలపు హీలియోస్ 44-2, 58 మి.మీ., ఎఫ్/2. వెనకనున్న ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయి. ఆ సుడికే పడిపోయాను. ఒక లెక్క మాత్రం మరిచాను. ఎం42 లెన్స్ మౌంటుకూ సెన్సారుకూ మధ్య 45.46 మి.మీ. ఉండాలి. నా సోనీలో ఉన్నది 18. మిగతాదంతా అడాప్టరే! బిగించాక సంచిలో పట్టలేదు. నాన్నగారితో వెళ్లిన ఆఖరి అన్నవరం ప్రయాణానికి కెమెరా ఇంట్లోనే ఉండిపోయింది. ఉన్న నాలుగు ఫోటోలూ ఫోన్‌వే.

అందుకే లైకా ఎం మౌంట్ లెన్సులు చూడమంటాను. వాటికి 27.8 మి.మీ. చాలు, అడాప్టరు ఒక సెంటీమీటరే. ఇప్పుడు నేను వాడుతున్నది కొసినా వారి ఫోక్ట్‌లెండర్ నోక్టన్ క్లాసిక్ 35 మి.మీ., ఎఫ్/1.4. బరువు సుమారు 200 గ్రాములు. పూర్తిగా తెరిస్తే దీపాల చుట్టూ మెత్తని వెలుగు పరుచుకుంటుంది. సోనీ మీద మూలలు చెదురుతాయి, 70 సెం.మీ. కన్నా దగ్గర ఫోకస్ కాదు. ముఖాలు తీసే నాకు ఇబ్బంది లేదు. కాగితాలు తీసేవారు కొనకండి.

పాత లెన్స్ అయితే తనఖా ఆస్తిని చూసినట్టే చూడాలి. టార్చి వేసి గాజులో బూజు, అపెర్చర్ రేకుల మీద నూనె ఉన్నాయేమో వెతకండి.

ఎఫ్/1.4 దగ్గర ఫోకస్ పీకింగ్ రంగును నేను నమ్మను. దృశ్యాన్ని పెద్దది చేసి, కనురెప్ప వెంట్రుకలు స్పష్టంగా కనిపించాకే నొక్కుతాను. కెమెరా ఇప్పుడు రోజూ ఆఫీసు సంచిలో, టిఫిన్ డబ్బా పక్కనే ఉంటోంది.